జగదేకవీరుడు కోయంబత్తూరున పుట్టినాడు



'జగదేకవీరుని కథ' చూడని తెలుగువారు అరుదు. 1961లో విజయా సంస్థ పక్షమున కె.వి. రెడ్డి గారు నిర్మించి దర్శకత్వము వహించిన ఆ జానపద చిత్రమున, పింగళి నాగేంద్రరావు గారి రచనకు పెండ్యాల నాగేశ్వరరావు గారు స్వరములు కూర్పగా, ఘంటసాల గారి గళమున 'శివశంకరి' గీతము సాగుచుండగా, నందమూరి తారక రామారావు గారు పాడువాడును తానే, పక్కవాద్యములు వాయించువారును తానే యై ఒకే తెరపై ఒకే క్షణమున కొలువుదీరిన దృశ్యము మన ఇండ్లలో తరతరములవారి కన్నుల నిలిచియున్నది. అయితే ఆ కథకును, ఆ దృశ్యమునకును మూలమైన చిత్రము అంతకు పదునేడేండ్లకు పూర్వమే, 1944లో, 'జగతలప్రతాపన్' అను పేర తమిళమున వెలువడెననియు, దానిని నిర్మించి నడిపినవారు కోయంబత్తూరు తెలుగువారైన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు గారనియు ఎఱిగినవారు మనలో బహు కొద్దిమంది. ఆ చిత్రమును గూర్చియు, చాలీచాలని సాధనములతో అద్భుత కథను తెరకెక్కించు విద్యను గూర్చియు, ఆ విద్యకు పుట్టినిల్లయిన దక్షిణదేశపు తెలుగు నివాసములను గూర్చియు నాలుగు మాటలు మనవి చేయుదును.

కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తెలుగువారు నిన్న మొన్న అడుగుపెట్టినవారు కారు. 1529లో విశ్వనాథ నాయకుడు మధుర సింహాసనమును అధిష్ఠించిన నాటినుండి, అంతకు ముందునుండియు, సేనలతో వచ్చినవారు, పాళెములు పొందినవారు, నల్లరేగడి భూములు వెదకుకొనుచు వచ్చిన సేద్యగాండ్రు, మగ్గములు మోసికొని వచ్చిన నేతగాండ్రు ఆ సీమయందు స్థిరపడి, వీధిలో తమిళమును, ఇంట తెలుగును మాటలాడుచు, లిపి నేర్పెడి బడి లేకున్నను నోటిమాటగా తల్లిభాషను నిలుపుకొనిరి. వారిలో కొన్ని కులములవారు తమ వలస కథను చెప్పుకొను తీరు వినదగినది. శత్రువులు వెంట తఱుముచుండగా పొంగి పారెడి యేటియొడ్డున దిక్కుతోచక నిలిచిన తమ పూర్వులకు, ఇరుగట్లనున్న చెట్లు తమంతట తామే వంగి, కొమ్మ కొమ్మ కలుపుకొని వంతెనయై దారి చూపినవట. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసెవల్ గ్రామపు తెలుగింట పుట్టి తమిళ సాహిత్యమున అగ్రగణ్యుడైన కి. రాజనారాయణన్ గారు ఈ వలస గాథనే 1976లో 'గోపల్ల గ్రామం' అను నవలగా రచించిరి. తమ వంశచరిత్రనే అద్భుత కథగా చెప్పుకొను జాతికి, తెరమీద నాగకన్య నీటినుండి వెడలి వచ్చుట వింతగాని, నమ్మరానిది గాని కాదు.

పాతగ్రంథమును కొత్త ప్రక్రియలోనికి దింపుటయు ఆ సీమవారికి అలవాటైన పనియే. విజయరంగ చొక్కనాథుని కాలమున, అనగా పదునెనిమిదవ శతాబ్ది తొలి దశకములలో, మధుర ఆస్థానము తెలుగు వచనమునకు నెలవయ్యెను. ప్రభువు తానే శ్రీరంగ మాహాత్మ్యమును వచనమున వ్రాసెను. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును వచనముగా వ్రాసెను. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని పద్యములలో పండితులకు మాత్రమే అందెడి ఆ అశ్వమేధాశ్వ సంచారము, స్త్రీరాజ్యమేలు ప్రమీల వృత్తాంతము, మరణించిన అర్జునుని నాగమణి బ్రతికించిన ఘట్టము, ఈ వచనము మూలమున వినువారందఱకును దగ్గఱయైనవి. పద్యమునుండి వచనమునకు, వచనమునుండి యక్షగానమునకు, యక్షగానమునుండి నాటకపు బల్లమీదికి దిగివచ్చిన ఈ త్రోవయే ఇరువదవ శతాబ్దిలో సినిమా తెరను చేరెనని నా యభిప్రాయము.

ఆ తెర కోయంబత్తూరున లేచుటకు కారణములు వేఱు. 1905లో ఒక ఫ్రెంచివాని యొద్ద ప్రదర్శన యంత్రమును కొని ఊరూర బొమ్మలాడించిన సామికణ్ణు విన్సెంటు గారు 1914లో అచ్చట వెరైటీ హాలును కట్టిరి. 1930ల తొలిభాగమున పైకారా జలవిద్యుత్తు ఆ పట్టణమునకు రాగా, నల్లరేగడి పత్తిని నమ్ముకొనియున్న తెలుగు నాయుళ్లు ఒకరివెంట నొకరు నూలు మిల్లులు నెలకొల్పిరి. ఆ మిల్లు యజమానులలో నొకరైన బి. రంగస్వామి నాయుడు గారును, విన్సెంటు గారును, శ్రీరాములు నాయుడు గారును, మఱికొందఱును చేరి సింగానల్లూరు త్రోవలో సెంట్రల్ స్టూడియోను స్థాపించిరి. 1938 ప్రాంతమున అచ్చటనే తుకారాం చరిత్ర తమిళమున ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు గారు, తెలుగున సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు నాయకులుగా రెండు భాషలలో తయారయ్యెను. ఒకే అరంగు (సెట్టు), ఒకే దుస్తులు, ఒకే దీపములు. మాటలాడువారు మాత్రము మాఱుదురు. పత్తిలో ఒక్క పోగును నేలపాలు కానీయని మిల్లు పొదుపు ఈ పద్ధతియందు నాకు కానవచ్చుచున్నది. శ్రీరాములు నాయుడు గారు ఆ పొదుపును ఒంటబట్టించుకొని, పిమ్మట తమ స్వంతముగా పక్షిరాజా సంస్థను నడిపిరి.

'జగతలప్రతాపన్' కథ కొత్తది కాదు. మదనకామరాజు కథల వంటి అంగడి పుస్తకములలో, అరుగులమీద చదివి వినిపించు అలవాటులో, దక్షిణదేశమంతట బ్రతికియున్న కథల తీరు దానిది. రాజు తన కుమారులను పిలిచి మీ కోరికలేమని యడుగును. వారిలో నొకడు దేవకన్యలను నలుగురిని పెండ్లాడవలెనని యున్నదనును. కోపించిన తండ్రి వెడలగొట్టును. ఆ నోటిమాటను నిజము చేసికొనుటకు వాడు లోకములు దాటి పోవును. ఇట్టి కథను ముద్రిత పుటలమీద చెప్పుట సులభము. ఇంద్రలోకము అని వ్రాసిన చాలును, చదువరి తన మనసున వైభవమును తానే కట్టుకొనును. తెరమీద మాత్రము ఆ ఇంద్రలోకమును ఎవరో ఒకరు కఱ్ఱతో, గుడ్డతో, సున్నముతో, రంగుతో కట్టి నిలుపవలెను. కట్టినది చూచువాని మనసులోని వైభవమునకు తీసిపోయినచో చిత్రము అక్కడనే కూలును. గొప్ప అద్భుత గ్రంథములను కొద్ది సొమ్ముతో తెరకెక్కింపబూనిన వారు లోకమంతట తొట్రుపడినది ఈ చోటనే.

పైగా అది యుద్ధకాలము. ముడి ఫిల్ము విదేశములనుండి రావలెను, ఓడలు రావు. 1943లో ప్రభుత్వమువారు ఒక్కొక్క కథాచిత్రము 11,000 అడుగులకు మించరాదని ఉత్తరువు చేసిరి. అనగా రెండుగంటల నిడివి. అంతకు ముందు మన చిత్రములు మూడుగంటలు దాటి, నలువదియేబది పాటలతో సాగెడివి. ఫిల్ము అడుగునకును లెక్క చెప్పవలసిన ఆ దినములలో, ఒక నటుని ఐదు రూపములుగా చూపవలెనని తలచుటయే సాహసము.

ఆ కాలపు స్టూడియోలలో ఇట్టి దృశ్యమును తీయు విధము కొంత వివరింతును. ముందు పాటను ధ్వనిముద్రణ చేసి యుంచెదరు. అరంగుమీద కెమెరాను కదలక మెదలక బిగించెదరు. దానికాళ్లు జరుగకుండ నేలకు మేకులు కొట్టుటయు కలదు. కటకము ముందు నల్లని రేకుముక్క నొకదానిని అమర్చి, తెరలో ఒక్క భాగమునకు తప్ప తక్కిన భాగములకు వెలుతురు సోకకుండ మూసెదరు. నటుడు గాయకుని వేషమున ఆ తెఱచిన భాగమున కూర్చుండి, వినవచ్చుచున్న పాటకు పెదవులు కలుపును. ఆ ముక్క ముగిసిన పిమ్మట ఫిల్మును కెమెరాలోనే, అడుగులు లెక్కించుకొనుచు, మొదలుపెట్టిన చోటికి వెనుకకు త్రిప్పెదరు. నటుడు లేచి వేషము మార్చి మృదంగము ముందు కూర్చుండును, రేకు మార్చెదరు, అదే ఫిల్ము మరల నడచును. ఇట్లు ఐదు మారులు. ఐదవ మారున దెబ్బ తప్పినచో తక్కిన నాలుగు మారుల శ్రమయు, కఱవు కాలపు ఫిల్మును బూడిదయగును. గాయకుడు మృదంగమువానివైపు చూచి మెచ్చుకోలుగా తల యూపవలెనన్నచో, ఆ చూపు ఏ యెత్తున, ఏ క్షణమున పోవలెనో ముందే కొలిచియుంచవలెను. ఏలయన ఆ మృదంగమువాడు ఇంకను పుట్టలేదు. విద్యుత్తు హెచ్చుతగ్గులైనను, దీపము జానెడు జరిగినను, ఐదుగురి నడుమ అతుకు తెల్లగా బయటపడును. దీనికి వలసినది ధనము కాదు. సహనము, లెక్క, తాళజ్ఞానము.

ఆ తాళజ్ఞానము మధురనుండి వచ్చెను. 'జగతలప్రతాపన్' నాయకుడు పి.యు. చిన్నప్ప గారు పుదుక్కోట వారైనను, బాల్యముననే మధుర ఒరిజినల్ బాయిస్ కంపెనీలో చేరి, ఆ బల్లమీదనే పాట, మాట, కత్తిసాము నేర్చినవారు. మధుర బాలనాటక సమాజములు పిల్లలకు పెట్టిన శిక్ష కఠినమైనదే గాని, అచ్చట తయారైన నటునకు సంగీతము ఒకరు, నాట్యము ఒకరు, పోరు ఒకరు అను పాలు పంపకము లేదు. అన్నియు తానే చేయవలెను. ఆ శిక్షణ ఫలముననే ఆయన అంతకు ముందే 1940లో, సేలము మోడరన్ థియేటర్స్ వారి 'ఉత్తమపుత్రన్' చిత్రమున కవలలుగా ద్విపాత్రాభినయము చేసిరి. అదియు ఫ్రెంచి రచయిత డ్యూమా నవలకు అనుసరణమే. కోయంబత్తూరువారు ఆ ఇద్దఱిని ఐదుగురిని చేసిరి. పాడువాడును, వాద్యగాండ్రును అందఱును చిన్నప్పయే యైన ఆ ఘట్టమున యంత్రపు మాయ కొంతయే. తక్కినదంతయు ఒక మనిషి విద్య. చూచువాడు యంత్రమును మఱచి విద్యను మెచ్చుకొనును. అందువలననే ఆ అద్భుతము చవుకబాఱలేదు. 1951లో, ముప్పదియైదేండ్ల వయసుననే చిన్నప్ప గారు గతించుట దక్షిణదేశ చిత్రసీమకు తీరని నష్టము.

నా తీర్పు చెప్పవలెనన్నచో, 1961 నాటి తెలుగు చిత్రము శిల్పమున మిన్న. మార్కస్ బార్ట్లే గారి ఛాయాగ్రహణమున వెన్నెల వెన్నెలవలెనే యుండును. పింగళి వారి చమత్కారము తమిళ మూలమున లేనిది. పాట మాట చెప్ప నక్కఱలేదు. కాని ఐదుగురు ఒక్కరగు ఆ ఊహకు మొదటి ధైర్యము కోయంబత్తూరుది. ఫిల్ము కఱవైన దినములలో, మదరాసునకు దూరమున, మిల్లు పట్టణమున, నేర్చుకొనుచు నేర్పుచు చేసినవారికి ఆ గౌరవము చెందవలెను. అచ్చటి మేఘములు చిత్రించిన గుడ్డలే యని ఎవరైన తప్పుపట్టినచో, నేను ఒప్పుకొనను. ఇద్దఱు చెఱియొక కొన పట్టుకొన్న తెరయే అంతఃపురమని నమ్మి యక్షగానమును చూచిన జనమున కెదుట ఆ గుడ్డ మేఘము నిజమైన మేఘమే.

పక్షిరాజావారు అద్భుత కథలతో ఆగలేదు. విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన మహానవలను, రొట్టె దొంగిలించిన నేరమునకు పందొమ్మిదేండ్లు చెఱననుభవించిన జీన్ వాల్జీన్ చరిత్రను, శుద్ధానంద భారతి గారి తమిళ అనువాదము ఆధారముగా 1950లో తెరకెక్కించిరి. కె. రామ్‌నాథ్ గారి దర్శకత్వమున అది తమిళమున 'ఏళై పడుం పాడు', తెలుగున 'బీదలపాట్లు' అయ్యెను. రెండింటను నాయకుడు మన చిత్తూరు వి. నాగయ్య గారే. త్యాగయ్యను, వేమనను, పోతనను తనలో నిలుపుకొన్న ఆ మహానుభావుడు ఫ్రెంచి ఖైదీని కూడ మన యూరి మనిషిని చేసిరి. అందు కఠినుడైన పోలీసు ఉద్యోగి జావర్‌గా నటించిన సీతారామన్ గారికి ఆ పాత్ర పేరే ఇంటిపేరై జీవితాంతము నిలిచెను. ఆ రామ్‌నాథ్ గారే మఱుసటి యేడు సెంట్రల్ స్టూడియోలో జూపిటర్ చిత్రసంస్థవారికై 'మర్మయోగి' తీసిరి; అందు దయ్యపు ఘట్టములున్నవని సెన్సారువారు పిల్లలకు తగదను 'ఏ' ధ్రువపత్రమునిచ్చిరి. తమిళ చిత్రములలో ఆ ధ్రువపత్రము పొందిన మొదటిది అదియే. తెల్లని గుడ్డ, పొగ, నీడ, గద్గదమైన స్వరము ఇంతమాత్రముతో ప్రభుత్వమువారినే జడిపించుట ఆ కళాకారుల నేర్పునకు సాక్ష్యము.

ఇక నామక్కల్ కవి రామలింగం పిళ్ళై గారి 'మలైక్కళ్ళన్' నవల సంగతి. 1954లో శ్రీరాములు నాయుడు గారు దానిని తమిళమున ఎం.జి. రామచంద్రన్ గారితో తీయగా రాష్ట్రపతి రజతపతకము వచ్చెను. అదే కథ తెలుగున నందమూరి, భానుమతి గార్లతో 'అగ్గిరాముడు' అయ్యెను. హిందీలో దిలీప్‌కుమార్, మీనాకుమారి గార్లతో 'ఆజాద్' అయ్యెను. మలయాళ, కన్నడ, సింహళ భాషలలోనికి కూడ పోయెను. ఒక్క నవల, ఆఱు భాషలు. ఇది కేవలము వ్యాపారమని త్రోసివేయు విమర్శకులు కలరు. ఒక భాషలో తీసిన పొరపాటును రెండవ భాషలో దిద్దుకొనుట, ఒక ప్రాంతపు ప్రేక్షకుడు నవ్వని చోట మఱొక ప్రాంతమువాని నవ్వించుట, ఇవి పాతకాలపు వచనకర్తలు పద్యగ్రంథమునకు చేసిన సేవ వంటివేయని నేను తలంతును. పుట్టినప్పటినుండి రెండు భాషల నడుమ మసలినవానికి ఈ పని చేతివాటముగా వచ్చును.

తెలుగుదేశమున ఈ పొదుపు విద్యను పూర్తిగా తమదిగా చేసికొన్నవారు బి. విఠలాచార్య గారు. ఉడుపి ప్రాంతమునుండి వచ్చి, కన్నడమున ఆరంభించి, తెలుగున జానపద బ్రహ్మ యనిపించుకొన్న ఆయన, వేసిన అరంగునే కోటగాను, గుహగాను మార్చుచు, అస్థిపంజరములతో, మాంత్రికులతో, అనుకొన్న గడువులో అనుకొన్న వ్యయమునకు లోబడి చిత్రములు ముగించెడివారు. ఒప్పుకొన్న దినములకు రాని నటుని కథలో చిలుకగానో మేకగానో మార్చి పని గడపెడివారని చిత్రసీమలో నేటికిని చెప్పుకొందురు. వారి చిత్రములలో తొందరపాటు లేదనను. కొన్నింట మాయలు ఎక్కువై మనుష్యులు పలుచనైరి. అయినను పల్లెటూరి టూరింగు టాకీసులో నేలటిక్కెట్టు కొన్నవానికి వారు ఏనాడును ద్రోహము చేయలేదు. ఆ విఠలాచార్య గారే 1972లో అక్కినేని నాగేశ్వరరావు గారితో మరల 'బీదలపాట్లు' తీసిరి. కోయంబత్తూరున మొదట తెలుగైన హ్యూగో నవల ఇట్లు తెలుగు అద్భుత చిత్రముల కర్త చేతికి వచ్చెను.

తెలుగు చలనచిత్ర చరిత్రలు సాధారణముగ మదరాసున మొదలై హైదరాబాదున ముగియును. కోయంబత్తూరు పేరు ఒక వాక్యమున వచ్చి పోవును. తమిళ చరిత్రకారులు ఆ స్టూడియోలను తమవిగా వ్రాసికొనిరి. అది న్యాయమే, ఆ చిత్రములు తమిళములు. కాని వాటిని కట్టినవారిలో పలువురి ఇంటిభాష తెలుగని మనము వ్రాసికొనక పోవుట మన లోపము. నేడు కోయంబత్తూరున ఆ స్టూడియోలు పనిచేయుట లేదు. మిగిలినది కాగితము. నాడు సినిమాహాలు ద్వారముకడ కొద్ది అణాలకు పాటల పుస్తకములు అమ్మెడివారు. పలుచని కాగితముమీద కథాసంగ్రహము, నటీనటుల పట్టిక, పాటలు, వెనుక అట్టమీద సబ్బు ప్రకటనయో తలనూనె ప్రకటనయో ఉండెడివి. పోయిన చిత్రముల జాడ పలుమారులు ఈ పుస్తకములలోనే దొరకుచున్నది. పాత ఇండ్లలో అవి దేవుని అలమరలో స్తోత్రముల నడుమను, అటకమీది ట్రంకుపెట్టెలలోను ఇంకను ఉండును.

కోయంబత్తూరు, పీళమేడు, సింగానల్లూరు, మధుర, దిండుగల్లు ప్రాంతములలోని తెలుగు కుటుంబములవారికి నాదొక విన్నపము. మీ పెద్దలలో స్టూడియో వడ్రంగులుగా, దీపములు పట్టినవారుగా, రంగులు వేసినవారుగా, లెక్కలు వ్రాసినవారుగా పనిచేసిన వారుండవచ్చును. వారు చెప్పిన మాటలను, ఇంటి తెలుగులోనే, ఉన్నదున్నట్లు వ్రాసి పెట్టుడు. పాటల పుస్తకములు, ఛాయాచిత్రములు, జీతపు రసీదులు దొరకినచో పాతకాగితములవానికి వేయక, పూనాలోని జాతీయ చలనచిత్ర భాండాగారమునకుగాని, చెన్నపట్టణమున రోజా ముత్తయ్య గ్రంథాలయమునకుగాని ప్రతులైనను పంపుడు. పంపునప్పుడు అవి ఏ యూరివో, ఎవరి చేతినుండి వచ్చినవో ఒక చీటిమీద వ్రాసి జతపఱచుట మఱువకుడు.